పక్కింటి మాస్టారి కంప్యూటర్‌లో విండోస్ 10 మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలవగట్టు
మా పక్కింట్లో రిటైరైన తెలుగు మాస్టారు ఉంటారు. పొద్దున గేటు దగ్గర పట్టుకుని "ఏవోయ్, నా కంప్యూటర్‌కి కాలం చెల్లిపోయిందని అదే చెప్తోంది, ఓసారి చూసి పెట్టు" అన్నారు. వెళ్ళి చూస్తే తెర నిండా నోటీసు. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు రావు అని. బజార్లో షాపాయన్ని అడిగితే "ఇది విండోస్ 11 తీసుకోదు మాస్టారూ, 38 వేలు పెట్టి కొత్తది కొనెయ్యండి" అన్నాట్ట.

మెషీను 2014లో కొన్న కంపెనీ డెస్క్‌టాప్. ఐ3 4130, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 8.1తో వచ్చిందట. 2016లో ఉచితంగా ఇస్తున్నప్పుడు వాళ్ళబ్బాయి 10కి మార్చి అమెరికా వెళ్ళిపోయాడు. స్విచ్ వేసి కాఫీ కలుపుకుని వస్తే గానీ డెస్క్‌టాప్ కనపడదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ హెల్త్ చెక్ నడిపితే రెండు ఎర్ర గుర్తులు పడ్డాయి, ప్రాసెసర్‌కి ఒకటి, టీపీఎం అనే సెక్యూరిటీ చిప్‌కి ఒకటి.

నేను ఆఫీసులో ఎక్సెల్ మనిషిని. ఆ మాట చెప్తే ఆయన వినరు. "నువ్వు సాఫ్ట్‌వేరే కదా" అంటారు. 11 వెయ్యొచ్చా? వేస్తే నడుస్తుందా?

ఉప్మా_ప్రాసెసర్
"నువ్వు సాఫ్ట్‌వేరే కదా". ఈ మాటతోనే మా వీధిలో నా చేత గ్రైండర్ విప్పించారు.

సీపీయూ_చలపతి
షాపాయన చెప్పిందాంట్లో సగం నిజం. 11కి అధికారికంగా ఇంటెల్ అయితే 8వ తరం నుంచి కావాలి, 7వ తరంలో ఏవో కొన్ని మినహాయింపులు. దాంతోపాటు టీపీఎం 2.0, యూఈఎఫ్ఐ (కొత్త తరహా బయాస్, అంటే స్విచ్ వెయ్యగానే మెషీన్‌ని లేపే ప్రోగ్రాము), సెక్యూర్ బూట్ (అది చేసే స్టార్టప్ తనిఖీ), 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు. మీది 4వ తరం. 8.1తో వచ్చిన బ్రాండెడ్ కాబట్టి యూఈఎఫ్ఐ ఉండే ఉంటుంది. పోయింది ప్రాసెసర్, టీపీఎం దగ్గరే.

రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ చేస్తే ఆ రెండు తనిఖీలూ దాటించెయ్యొచ్చు. నడుస్తుంది కూడా. ఆ హార్డ్ డిస్క్ మీద మాత్రం వెయ్యకండి, మాస్టారు కాఫీ కాదు, భోజనమే చేసి రావాలి. ముందు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేని వేగమైన డిస్క్.

అనంత_అనుమానం
బాగుండేదాన్ని ఎందుకప్పా కెలుకుతారు? నెట్టు వైరు పీకి పక్కన పెట్టండి. సపోర్టు లేకుంటే ఏమైతాది? మా నాయన మెషీన్లో ఇంకా విండోస్ 7 ఉంది, సాలిటేర్ ఆడుకుంటాడు, నిమ్మళంగా ఉండాడు.

సీపీయూ_చలపతి
@అనంత_అనుమానం సాలిటేర్ ఒక్కటే అయితే ఎక్స్‌పీ కూడా చాలు. ఆయన నెట్ వాడతారో లేదో తెలియకుండా వైరెలా పీకుతాం? 7 మీద క్రోమ్ 2023లో 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు బ్యాంకు సైట్లు చాలావరకు దాంట్లో మొరాయిస్తాయి.

డీటీపీ_బాబాయ్
తమ్ముడూ కాలవగట్టూ, ముందు ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టు. ప్రాసెసర్ ఏంటో చెప్పావు, ర్యామ్ ఎంతో చెప్పావు. మాస్టారు దాంతో ఏం చేస్తారో చెప్పలేదు.

కాలవగట్టు
అడిగొచ్చాను బాబాయ్. యూట్యూబ్‌లో అవధానాలు చూస్తారు. పింఛను జమైందో లేదో బ్యాంకు సైట్లో చూసుకుంటారు. తెలిసినవాళ్ళకి శుభలేఖలు, మా ఊరి భజన మండలికి పుస్తకాలు కూర్చి పెడతారు. దానికి పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేరు, అను తెలుగు ఫాంట్లు. శివరాత్రికి పోయినేటి పుస్తకమే మళ్ళీ దిద్దుతున్నారట, 64 పేజీలది, సగంలో ఉందట.

ఉప్మా_ప్రాసెసర్
అందరూ రెండడుగులు వెనక్కి.

ఓరుగల్లు_పెంగ్విన్
నేను విండోస్ బదులు ఉచితంగ దొరికే లినక్స్ మింట్ ఎయ్యమని సగం టైప్ జేసిన. "పేజ్‌మేకర్" సూడంగనే చెరిపేసిన 😄

డీటీపీ_బాబాయ్
అనుకున్నదే. బెజవాడలో నాకిదే బతుకుతెరువు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. తర్వాత అడోబీ వాళ్ళు ఇన్‌డిజైన్ పట్టుకుని దీన్ని వదిలేశారు. మన దగ్గర మాత్రం కరపత్రం దగ్గర్నుంచి పంచాంగం దాకా ఇంకా దీని మీద నడుస్తూనే ఉంది. అంతా అను ఫాంట్ల మహిమ. అవి యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) కావు. ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే, పైన ఫాంటు తెలుగు బొమ్మ తొడుగుతుంది. అదే ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే "శ్రీరామ" కూడా పిచ్చిగీతలే. విండోస్ మార్చినప్పుడు అందరూ డాక్యుమెంట్లు, ఫొటోలు కాపీ చేస్తారు. ఫాంట్లని ఎవడూ తలుచుకోడు. అవి సీ డ్రైవ్‌తోపాటే పోతాయి.

కాబట్టి ముందు విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ ఫోల్డర్ మొత్తానికి మొత్తం కాపీ చెయ్యి. ఏది అనుదో ఏది కాదో ఏరుతూ కూర్చోకు. తర్వాత పేజ్‌మేకర్ సెటప్, తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ సెటప్, వాటి కీలు ఆయన దగ్గర ఉన్నాయా అని అడుగు. సీడీ అంటే మెషీన్లో డ్రైవ్ పనిచేస్తోందో లేదో చూడు. ఇంకోటి, స్క్రిప్ట్ మేనేజర్లో ఆయన ఏ కీబోర్డు (ఏ మీటకి ఏ అక్షరమనే అమరిక) పెట్టుకున్నారో రాసిపెట్టుకో. ఆపిలా, మాడ్యులరా? ముప్ఫయ్యేళ్ళుగా ఆపిల్ కొట్టిన వేళ్ళ ముందు మాడ్యులర్ పెడితే మాస్టారు నిన్ను గేటు లోపలికి రానివ్వరు.

ఈ మూడూ చేతిలో లేకుండా ఫార్మాట్ మాట ఎత్తొద్దు.

ఆడిట్_అత్తయ్య
బాబాయ్ గారు చెప్పిందే నా లైన్లో కూడా. మా పక్కింటి కిరాణా అతనికి వాళ్ళ మేనల్లుడు ఉత్సాహంగా విండోస్ 11 వేసిచ్చాడు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు సరెండర్ చెయ్యకుండా (అంటే ఆ మెషీన్ నుంచి విడిపించకుండా) ఫార్మాట్ కొట్టేశాడు. డేటా డీ డ్రైవ్‌లో ఉందనుకున్నాడు, అది సీ డ్రైవ్‌లో పబ్లిక్ ఫోల్డర్ కింద ట్యాలీప్రైమ్ దగ్గర ఉంది. జీఎస్టీ రిటర్ను గడువు నెత్తి మీద ఉంది. డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్ కూడా పోయింది. ఆ నెల నేను బిల్లుల కట్టలు చూసి మళ్ళీ ఎంట్రీలు వేశాను.

ఎవరి మెషీన్లో ట్యాలీ ఉన్నా ముందు లోపలికెళ్ళి లైసెన్సు సరెండర్ చేసి, కంపెనీ బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ వేరే మెషీన్లో తెరుచుకుంటోందో లేదో చూశాకే ముట్టుకోండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

ఉప్మా_ప్రాసెసర్
మా పైపోర్షన్ ఆవిడ ముఖ్యమైన ఫైళ్ళన్నీ రీసైకిల్ బిన్‌లో దాచుకునేవారు. "అక్కడైతే ఎవరూ ముట్టుకోరు" అని. డిస్క్ క్లీనప్ కొట్టే ముందు దేవుడు నా చేత ఒక మాట అడిగించాడు.

సెకండ్_ఫ్లోర్
ఇది కొత్త ల్యాప్‌టాప్ కథ అయినా ఇక్కడే చెప్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. షాపులో సెటప్ చేసిన కుర్రాడు ఆవిడకి మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేదని షాపు అకౌంటే పెట్టి లాగిన్ చేసిచ్చాడు. 11లో అకౌంట్ పెడితే డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా చదవలేకుండా తాళం పడుతుంది, 24హెచ్2 వెర్షన్ నుంచి అయితే మరీ. కొన్నాళ్ళకి బయాస్ అప్‌డేట్ అయింది. నీలం తెర మీద ఆ తాళానికి, అంటే బిట్‌లాకర్‌కి, 48 అంకెల కీ అడిగింది. ఆ కీ షాపు అకౌంట్‌లో ఉంది. కుర్రాడు ఉద్యోగం మానేశాడు, పాస్‌వర్డ్ ఇంకెవరికీ తెలీదు. మనవరాలి బారసాల ఫొటోలు అందులోనే.

పక్కింటివాళ్ళ మెషీన్లో మీ అకౌంట్ పెట్టకండి. షాపుది అసలే వద్దు. వాళ్ళ ఫోన్ నంబరు మీద వాళ్ళకే అకౌంట్ తెరిచి, ఆ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టించండి. లేదంటే లోకల్ అకౌంట్ చాలు.

సీపీయూ_చలపతి
+1. రూఫస్‌లో స్టార్ట్ నొక్కగానే చిన్న పెట్టె వస్తుంది. టీపీఎం, సెక్యూర్ బూట్ తనిఖీ తీసెయ్యి అని ఒకటి, లోకల్ అకౌంట్ చెయ్యి అని ఒకటి, బిట్‌లాకర్ ఆటోమేటిగ్గా వద్దు అని ఒకటి ఉంటాయి. మూడూ టిక్ పెట్టుకోండి. పెన్‌డ్రైవ్ 8 జీబీది అంచు మీద ఉంటుంది, 16ది వాడండి.

డల్లాస్_దూరవాణి
ఆ "అమెరికా వెళ్ళిపోయిన అబ్బాయి" తరఫున ఒక ముక్క. మేము పట్టించుకోక కాదండీ. మాకు పగలైతే వాళ్ళకి అర్ధరాత్రి. మా నాన్నగారి మెషీన్ నేను ఇక్కణ్ణుంచే ఎనీడెస్క్‌తో చూసేవాణ్ణి. ఒకరోజు ఎవరో ఫోన్ చేసి "మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, ఎనీడెస్క్ నంబరు చెప్పండి" అన్నారు. నేను రోజూ అడిగేదే కాబట్టి ఆయన చెప్పేశారు. అదృష్టం, ఆ పూట కరెంటు పోయింది.

అప్పట్నుంచి రిమోట్ సాఫ్ట్‌వేర్ ఏదీ శాశ్వతంగా ఉంచను. విండోస్‌లోనే ఉండే క్విక్ అసిస్ట్ వాడతాం, అది కూడా నేను వీడియో కాల్‌లో మొహం చూపించాకే. కాలవగట్టు గారూ, పని అయ్యాక మాస్టారి దగ్గర అలాంటిదేమైనా మిగిలిపోయిందేమో చూసి తీసెయ్యండి. పక్కింట్లో మీరుండటం వాళ్ళబ్బాయికి ఎంత ధైర్యమో మీకు తెలీదు.

ఉప్మా_ప్రాసెసర్
ఏపీ ట్రాన్స్‌కో వారి ఫైర్‌వాల్.

ఓరుగల్లు_పెంగ్విన్
మింట్ గురించి ఒక్కసారి జెప్పి ఊకుంట. మా గల్లీల ఒక పిలగాడు గ్రూప్స్‌కు చదువుతుండు. పాత మెషీను, 4 జీబీ. యూట్యూబ్ క్లాసులు, పీడీఎఫ్‌లు, అప్లికేషన్లు. గంతే. మింట్ 22 ఎక్స్ఎఫ్‌సీఈ ఎక్కించిన, 2029 దాక అప్‌డేట్లు ఉంటయ్. మస్తు నడుస్తుంది. వైరస్ లొల్లి లేదు, "మీ పీసీ పాతదైంది" అని నోటీసు లేదు. పేజ్‌మేకర్, ట్యాలీ ఉన్నోళ్ళకు నేను ఎయ్యమన. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌ల నడిపే వైన్‌ల నడుస్తదని యూట్యూబోళ్ళు జెప్తరు, పక్కింటోళ్ళ పని మీద గా ప్రయోగాలు వద్దు.

అనంత_అనుమానం
మీరంతా ఇన్ని జెప్తాండారు గానీ నా మాటకి జవాబు లేదు. ఆయప్ప పుస్తకం పనికి నెట్టు అక్కర్లేదు గదా? ఆ మెషీను నెట్టు లేకుండా వదిలేసి యూట్యూబు ఫోన్లో చూసుకోమంటే అయిపాయ.

డీటీపీ_బాబాయ్
@అనంత_అనుమానం మంచి పాయింటే. మరి ప్రెస్సుకి ఫైలు ఎలా పోతుంది? పెన్‌డ్రైవ్‌లో. ప్రెస్సు మెషీన్లో ఊరందరి పెన్‌డ్రైవ్‌లూ పెడతారు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయే ఆ వైరస్ నెట్ లేని మెషీన్లకి అలాగే ఎక్కింది. మా షాపులో ఇప్పటికీ వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌నీ ముందు వేరే మెషీన్లో పెట్టి చూస్తాం.

అనంత_అనుమానం
సరే, ఆ మాట ఒప్పుకున్యా. 11 వెయ్యమనే మాట మాత్రం ఒప్పుకోను.

నిదానమే_ప్రధానం
నేనూ ఒప్పుకోను. ఎవరూ ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) ఊసెత్తలేదేంటి? 10 వాడే ఇంటివాళ్ళకి మైక్రోసాఫ్టే ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోంది, 2026 అక్టోబర్ 13 దాకా. మెషీన్లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. 30 డాలర్ల లెక్కన కట్టొచ్చు, లేదా వెయ్యి రివార్డ్స్ పాయింట్లు, లేదా సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ జాబితాలైతే 2028 అక్టోబర్ దాకా వస్తాయని వాళ్ళే చెప్పారు.

శివరాత్రి పుస్తకం చేతిలో ఉన్న మనిషికి ఇప్పుడు విండోస్ మార్చడం దేనికి? ఈఎస్‌యూలో చేర్చండి, పుస్తకం అచ్చయ్యాక తీరిగ్గా ఆలోచించండి. మీరు దొంగదారిన 11 వేస్తే ఏటా వచ్చే కొత్త వెర్షన్ దానంతటది రాదు. మళ్ళీ పెన్‌డ్రైవ్ పట్టుకుని మీరే వెళ్ళాలి.

సీపీయూ_చలపతి
ఈఎస్‌యూ మంచిదే. కానీ బ్యాకప్ ఆన్ చేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్, మన డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు కూడా పైకి లాక్కుంటానంటుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. మాస్టారి స్కాన్ ఫైళ్ళకి అది రెండు రోజుల్లో నిండుతుంది, ఆపైన రోజూ ఎర్ర గుర్తు. ఫోల్డర్లకి వద్దని, సెట్టింగ్స్‌కి మాత్రమే ఔనని పెట్టాలి.

నా లెక్క వేరే. 256 జీబీ ఎస్ఎస్‌డీ కొనండి. పాత హార్డ్ డిస్క్ వైర్లు పీకేసి కవర్లో పెట్టి బీరువాలో పెట్టండి. 11 ఎస్ఎస్‌డీ మీద కొత్తగా వెయ్యండి. పేజ్‌మేకర్ మొరాయించిందా, పాత డిస్క్ వైర్లు మళ్ళీ తగిలించండి, పది నిమిషాల్లో మాస్టారు నిన్నటి మెషీన్ ముందు కూర్చుంటారు. ఈఎస్‌యూ అప్పుడు పెట్టుకోవచ్చు. ఏదీ చెరపనప్పుడు భయం దేనికి?

ర్యామ్ కూడా 8 చెయ్యండి. కొత్త ర్యామ్ ధరలు ఈమధ్య మండిపోతున్నాయి గానీ మీది డీడీఆర్3, పాత స్టిక్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజార్లోనో మీ దగ్గర్లోనో చవగ్గానే దొరుకుతుంది.

కొత్తసభ్యుడు_117
ఆన్‌లైన్లో 400కి ఒరిజినల్ కీ దొరుకుతుంది బ్రో. లింకు పెట్టనా?

సీపీయూ_చలపతి
వద్దు. అవి ఏ కంపెనీకో ఇచ్చిన కీలు చిల్లరకి అమ్మేవి, ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. పైగా ఇక్కడ కీతో పనే లేదు. 10 యాక్టివేట్ అయిన మదర్‌బోర్డుకి ఆ లైసెన్సే 11కీ సరిపోతుంది. ఒక్కటే మెలిక, అదే ఎడిషన్ వెయ్యాలి. మన దేశంలో అమ్మిన బ్రాండెడ్ మెషీన్లలో చాలావాటికి హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఉంటుంది. జాబితాలో ప్రో అని ఉంది కదా, పెద్దదేమో అని అది నొక్కితే యాక్టివేట్ అవ్వదు. సెట్టింగ్స్‌లో అబౌట్ చూసి రాసుకోండి.

మోడరేటర్
విండోస్‌ని దొంగతనంగా యాక్టివేట్ చేసే యాక్టివేటర్ లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. మూడోది వస్తే పోస్టుతో సరిపెట్టను.

కాలవగట్టు
మాస్టారికి రెండు దారులూ చెప్పాను. "పాతది చెక్కుచెదరకుండా బీరువాలో ఉంటుందంటే కొత్తది కానీ" అన్నారు. @నిదానమే_ప్రధానం మీ మాట కూడా చెప్పానండీ. అచ్చుకి ఇంకా టైముందట.

ఎస్ఎస్‌డీ తెప్పించాం. ఎడిషన్ చూశాను, హోమ్ సింగిల్ లాంగ్వేజే. ఫాంట్స్ ఫోల్డర్ కాపీ అయింది. కీబోర్డు ఆపిల్. పేజ్‌మేకర్, అను సెటప్‌లు డీ డ్రైవ్‌లో "ముఖ్యం ముట్టుకోకు" అనే ఫోల్డర్లో ఉన్నాయి, కీలు గోడ క్యాలెండర్ వెనక రాసున్నాయి.

ఒక్కటే తేడా కొడుతోంది. పుస్తకం ఫైళ్ళు పేజ్‌మేకర్లోంచి తెరిస్తే కనిపిస్తున్నాయి, మామూలుగా ఫోల్డర్లో వెతికితే లేవు. ఎక్కడ సేవ్ చేస్తారని అడిగితే "అదెక్కడ చూపిస్తే అక్కడే" అన్నారు.

సీపీయూ_చలపతి
పేజ్‌మేకర్ ఉన్న ఫోల్డర్లోనే, అంటే ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలే సేవ్ చేస్తున్నారన్నమాట. విస్టా నుంచి విండోస్ పాత ప్రోగ్రాములని అక్కడ రాయనివ్వదు. రాసినట్టు నమ్మించి ఇంకోచోట పెడుతుంది. సీ డ్రైవ్, యూజర్స్, ఆయన పేరు, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్. యాప్‌డేటా దాచిన ఫోల్డర్, వ్యూలోకెళ్ళి దాచినవి చూపించమనాలి.

పేజ్‌మేకర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే ఆ ఫైళ్ళు దానికీ కనిపించవు. కొత్త విండోస్‌లో దాన్ని అలాగే నడపాల్సి వస్తుంది. కాబట్టి ముందే బయటికి తీసి డాక్యుమెంట్స్‌లో పెట్టండి.

కాలవగట్టు
దొరికాయి! శివరాత్రిదే కాదు, 2017 నుంచి చేసిన శుభలేఖలన్నీ అక్కడే ఉన్నాయి. మామూలుగా డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ కాపీ చేసి ఫార్మాట్ కొట్టి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు. మాస్టారికి చెప్తే తాపీగా "మరి కంప్యూటర్లో ఉన్నాయన్నాను కదా" అన్నారు.

ఉప్మా_ప్రాసెసర్
ఆయన తప్పేం లేదు. ఉన్నాయి కదా.

ఆడిట్_అత్తయ్య
ఈ వర్చువల్‌స్టోర్ సంగతి నాకు తెలీదు. రేపే మా ఆఫీసులో పాత టీడీఎస్ సాఫ్ట్‌వేర్ ఉన్న మెషీన్లన్నీ వెతికిస్తాను.

కాలవగట్టు
ఆదివారం కూర్చున్నాం. రూఫస్ పెన్‌డ్రైవ్‌తో 11 ఎక్కింది. నెట్ తగిలించగానే యాక్టివేట్ అయింది, కీ ఏమీ అడగలేదు. ఇప్పుడు కాఫీకి టైము లేదు, స్విచ్ వేసి కుర్చీ జరుపుకునేలోపు వచ్చేస్తోంది. మాస్టారు మూడుసార్లు ఆర్పి వేయించారు.

పేజ్‌మేకర్, అను రెండూ ఎక్కాయి, రెంటికీ అడ్మినిస్ట్రేటర్‌గా నడిపేలా పెట్టాను. ఆపిల్ కీబోర్డు సరే. ఫాంట్లు సరే. శివరాత్రి ఫైలు తెరిచాం, అక్షరాలన్నీ బంగారంలా ఉన్నాయి. మాస్టారు కళ్ళద్దాలు పైకి తోసి 9వ పేజీ దగ్గర ఆగారు. "ఈ పద్యం నాలుగో పాదం కిందికి దిగిందేంటి?" అన్నారు. పాత ప్రింటు తీసి పక్కన పెడితే నిజమే. లైన్లు కొన్నిచోట్ల ఒక్కో పదం జారాయి, అక్కణ్ణుంచి పేజీలన్నీ కిందికి తోసుకుపోయాయి. ఫాంటు అదే, సైజు అదే. బాబాయ్, ఏంటిది?

నిదానమే_ప్రధానం
చెప్తే విన్నారా.

డీటీపీ_బాబాయ్
కంగారు పడకు. ప్రింటర్ డ్రైవర్ వేశావా?

కాలవగట్టు
ఇంకా లేదు. ప్రింటర్ వైరే తగిలించలేదు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

డీటీపీ_బాబాయ్
పేజ్‌మేకర్ కాలంలో తెర కన్నా ప్రింటరే పెద్ద. ఫైల్ మెనూలో డాక్యుమెంట్ సెటప్ తెరువు. కింద "కంపోజ్ టు ప్రింటర్" అని ఒక గడి ఉంటుంది. ఫైలు ఏ ప్రింటర్ పేరు మీద కూర్చారో ఆ ప్రింటర్ కొలతల ప్రకారమే లైను ఎక్కడ విరగాలో లెక్క వేస్తుంది. ఆ ప్రింటర్ మెషీన్లో లేకపోతే ఉన్నదేదో, పీడీఎఫ్ ప్రింటరో ఇంకోటో పట్టుకుంటుంది. అక్షరాల మధ్య వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఒక లైన్లో తెలీదు. పేజీ మొత్తం మీద ఒక పదం జారుతుంది.

ఫైలు సేవ్ చెయ్యకుండా మూసెయ్యి. మాస్టారి ప్రింటర్‌కి 64 బిట్ డ్రైవర్ దించి, పాత మెషీన్లో ఉన్న పేరుతోనే పెట్టు. దాన్నే డిఫాల్ట్ చెయ్యి. విండోస్ డిఫాల్ట్ ప్రింటర్‌ని తనే మార్చే టిక్ ఒకటి ప్రింటర్ల సెట్టింగ్స్‌లో ఉంటుంది, అది తీసెయ్యి. అప్పుడు తెరువు.

సీపీయూ_చలపతి
బాబాయ్, ఇన్నాళ్ళూ మీ పోస్టులు ఉచితంగా చదువుతున్నాం.

సెకండ్_ఫ్లోర్
64 బిట్ డ్రైవర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. 11లో అసలు 32 బిట్ లేదు. మన దగ్గర 4 జీబీ మెషీన్లకి చాలా షాపులు 32 బిట్ 10 వేసి వదిలేశాయి. అలాంటిదాని మీద అప్‌గ్రేడ్ నొక్కితే అవ్వదు, కొత్తగా వెయ్యాల్సిందే. పాత ప్రింటర్‌కి 64 బిట్ డ్రైవర్ లేకపోతే ప్రింటరూ అటకెక్కుతుంది. ముందే చూసుకోండి.

కొత్తసభ్యుడు_117
మా అత్తగారి కోర్ 2 డ్యుయోకి కూడా రూఫస్‌తో 11 వేసేస్తా అయితే.

సీపీయూ_చలపతి
వెయ్యలేవు. 24హెచ్2 నుంచి ప్రాసెసర్లో ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు లేకపోతే బూటే అవ్వదు. కోర్ 2 డ్యుయోలో అవి లేవు. దాన్ని దాటించే టిక్ ఏ రూఫస్‌లోనూ ఉండదు. నీ కేసు పెంగ్విన్‌దే.

ఓరుగల్లు_పెంగ్విన్
రా తమ్మీ, కూసో.

డీటీపీ_బాబాయ్
పెంగ్విన్ బాబూ, నాకో సందేహం. నేను ఇన్‌డిజైన్, యూనికోడ్ వైపు మెల్లగా జరుగుతున్నా. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెడితే ఒత్తులు బాగానే కూర్చుంటున్నాయి. రామభద్ర, మండలి, సురవరం లాంటి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఒత్తుల దగ్గర తడబడతాయి, అది ఎలాగో ప్రూఫు చూసుకుంటాం. వేళ్ళ దగ్గరే వచ్చింది చిక్కు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నాకు రాదు, విండోస్ ఇచ్చే ఫొనెటిక్ ఇంకా రాదు. లినక్స్‌లో ఆపిల్ కీబోర్డు ఉందంటారు, నిజమా?

ఓరుగల్లు_పెంగ్విన్
నిజమే బాబాయ్. లినక్స్ టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఐబస్‌ల ఎం17ఎన్ ప్యాకేజీ ఎక్కిస్తే తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్ అన్నీ వరుసగ కనపడతయ్. ఆపిల్ పెట్టుకుని కొడితే నేరుగ యూనికోడే పడతది. ఇన్‌డిజైన్ అక్కడ నడ్వది. టైపింగ్ మింట్‌ల, పేజీ విండోస్‌ల చెయ్యాలె మరి.

డీటీపీ_బాబాయ్
మా టైపిస్టుకి ఒక పాత మెషీన్ ఖాళీగా ఉంది. దాంతో మొదలుపెడతా. ఇబ్బందైతే నిన్నే పట్టుకుంటా.

కాలవగట్టు
బాబాయ్, డ్రైవర్ వేసి, పేరు అదే పెట్టి, డిఫాల్ట్ చేసి తెరిచాం. నాలుగో పాదం పైకెక్కింది. మాస్టారు నమ్మకుండా పాత ప్రింటు పక్కన పెట్టుకుని 64 పేజీలూ స్కేలు పెట్టి చూసుకున్నారు. అంతా సరిపోయింది. 41వ పేజీలో ఒక అచ్చుతప్పు దొరికింది, అది పాతదాంట్లోనూ ఉంది. పోయినేడు అచ్చైన పుస్తకంలో కూడా ఉందట. భజన మండలివాళ్ళు ఏడాదిగా ఆ తప్పుతోనే పాడుతున్నారు.

పాత డిస్క్ బీరువాలో ఉంది. @నిదానమే_ప్రధానం కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్ళాల్సిన మాట నిజమే, గోడ క్యాలెండర్ వెనక కీల కింద అదీ రాసొచ్చాను.

నిదానమే_ప్రధానం
ఏ క్యాలెండర్? 2026దా? డిసెంబరు 31న తీసి పారేస్తారు. వేరేచోట రాయండి.